జానా నాలుగు వేళ్ళు

పాత టేకుని రంపం కింద పెట్టినప్పుడు వచ్చే వాసన కొత్త టేకుకి రాదు. ఇల్లు కట్టుకునేవాళ్ళకి ఇటుక ఎంత పడుతుంది, ఇనుము ఎంత పడుతుంది, ద్వారబంధాలకి కలప ఎంత కావాలి అని లెక్క వేసి చెప్పడం నా పని. అందుకని పర్చూరు రోడ్డులో ఉన్న సామిల్లుకి నెలకి నాలుగైదుసార్లు వెళుతుంటాను. మొన్న వెళ్ళేసరికి ఎవరిదో పడగొట్టిన ఇంటి దూలాలు లారీలోంచి దించుతున్నారు. మొదటి దూలం రంపం మీదికి ఎక్కి, పైనున్న మసీ సున్నపు మరకలూ లేచిపోయి, లోపలి తేనెరంగు బయటపడగానే నూనె పట్టించిన తోలులాంటి వాసన, కాస్త చేదు కలిసి, షెడ్డంతా కమ్మింది. దాని వెనకే ఇంకో ఘాటు. ఆ దూలం కింద ఏళ్ళ తరబడి మిరపకాయ బస్తాలు ఉండి ఉంటాయి. నాకు వరసగా రెండు తుమ్ములొచ్చాయి. "జలుబు చేసిందా అండీ?" అన్నాడు రంపం నడిపే ఆయన. అవునన్నాను.

నేను పుట్టి పెరిగిన ఇల్లు అలాంటి కర్ర మీదే నిలబడి ఉండేది. అది గోడలు మోసే ఇల్లు కాదు. రాతి దిమ్మెల మీద స్తంభాలు, స్తంభాల మీద దూలాలు, దూలాల నడుమ నుంచి లేచిన పొట్టి గుంజలు, వాటి మీద వెన్నుగడ, దాని నుంచి రెండు పక్కలకీ పక్కటెముకల్లా దిగిన తాటి వాసాలు, ఆపైన గూన పెంకు. ఈ చట్రమంతా లేచి, కప్పు పడ్డాకే మా ముత్తాత మట్టిగోడలు పెట్టించాడట. గోడలన్నీ తీసేసినా కప్పు కదలదని మా తాతయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఇనప మేకు అన్నది ఆ ఇంట్లో లేదు. స్తంభం కొసని నాలుకలా చెక్కి, దూలంలో దానికి సరిపడా బెజ్జం తొలిచి, నాలుకని అందులోకి దించి, అడ్డంగా ఒక చెక్క సీల కొట్టారు, అంతే. ఏ స్తంభం మీద ఏ దూలం కూర్చోవాలో తెలియడానికి వడ్రంగి రెండింటి మీదా ఉలితో గీతలు పెట్టాడు. ఒకటో స్తంభానికి ఒక గీత, ఒకటో దూలానికి ఒక గీత. ఏడో స్తంభానికి ఏడు, ఏడో దూలానికి ఏడు. నాకు లెక్కపెట్టడం బడిలో రాలేదు. నాన్న భుజం మీద కూర్చుని ఆ గీతలు వేలితో తడుముతూ నేర్చుకున్నాను.

రెండు దూలాల మధ్య ఉండే జాగాని మా వైపు అంకణం అంటారు. ఇల్లెంతని అడిగితే అప్పట్లో ఎవరూ గదులు చెప్పేవాళ్ళు కాదు, అంకణాలు చెప్పేవాళ్ళు. మాది ఏడు దూలాలు, ఆరు అంకణాలు. ఉత్తర దక్షిణాలుగా బారుగా సాగి, తూర్పుకి ముఖం పెట్టి, ముందు పొడుగునా పంచతో ఉండేది. చలికాలం పొద్దున్నే పంచలోకి ఏటవాలుగా ఎండ దిగితే పిల్లలం, పిల్లులు, పొలం పని చేసే పాలికాపులు అందరం ఆ ఎండ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చునేవాళ్ళం. ఎండాకాలం అటక మీద చింతపండు, మామిడి ఒరుగులు, కొత్త కుండల్లో కందిపప్పు ఉండి, నిచ్చెన ఎక్కి తల లోపల పెట్టగానే పులుపూ దుమ్మూ కలిసిన వేడిగాలి మొహాన కొట్టేది. వాన పడితే చూరు కింద వరసగా ఇత్తడి బిందెలు పెట్టేవాళ్ళు, ఒక్కో బిందెది ఒక్కో మోత, నిండేకొద్దీ మోత మారేది. నేను కళ్ళు మూసుకుని ఏ బిందె ఎంత నిండిందో చెప్పేదాన్ని. చాలాసార్లు సరిపోయేది.

వెనకవైపు గోడకి ఆనుకుని గొడ్ల చావిడి. దాని అవతల మోకాలెత్తు రాళ్ళ మీద నిలబెట్టిన చెక్క కొట్టు. మిరపకాయలకి నేల చెమ్మ తగలకూడదని అలా కట్టారు. మాఘం వచ్చేసరికి కళ్ళంలో కాయ ఎండి, సాయంత్రానికి ఎర్రటి గుట్టలై, బస్తాలకెక్కి ఆ కొట్టులోకి చేరాక దొడ్లో ఎవరు మాట్లాడినా సగం మాట, సగం దగ్గు. దాని పక్కన పత్తి కొట్టు. తలుపు తీసి ఉంటే అందులోకి దూకేవాళ్ళం; నడుం దాకా మునిగి, చెవుల్లో ముక్కుల్లో నూగు దూరి, బయటికొచ్చాక తన్నులు తినేవాళ్ళం. దొడ్డి చివర పచ్చాకుని వేడికి కాల్చి ఆరబెట్టే పొగాకు బ్యారను. రెండు మిద్దెల ఎత్తు, కిటికీ లేదు, ఒకే తలుపు, లోపల నిచ్చెన మెట్లలా పైదాకా అడ్డకర్రలు. ఆకు కాలుతున్న రోజుల్లో బెల్లం పాకం అడుగంటిన వాసన వీధి మలుపు దాకా వచ్చేది.

ఇల్లు రెండు వాటాలైనా ఈ కొట్లూ బ్యారనూ మాత్రం ఉమ్మడిగా ఉండిపోయాయి. అనుమానాలన్నీ అక్కడే గుడ్లు పెట్టాయి. దక్షిణం వైపు మూడు అంకణాలు మా తాతయ్యవి. ఉత్తరం వైపు మూడు అంకణాలు ఆయన తమ్ముడు, మా చిన్నతాతయ్యవి. నాలుగో దూలం కింద తాటాకు తడిక అడ్డం. చిన్నతాతయ్య వైపు నుంచి ఎవరో బస్తాలు మారుస్తున్నారని తాతయ్యకి గట్టి నమ్మకం. కొట్టు గుమ్మం ముందు సాయంత్రం పల్చగా బూడిద చల్లి, పొద్దున్నే లేచి అడుగుల గుర్తులు వెతికేవాడు. ఎప్పుడు చూసినా కోడికాళ్ళే ఉండేవి.

"చూశావా, తెలివి? అడుగులు చెరిగిపోవాలని కోళ్ళని తోలాడు" అనేవాడు మా నాన్నతో.

"కోళ్ళు మనవే నాన్నా."

"మనవే. అందుకేగా మనకి అనుమానం రాదనుకుంది."

తడికకి అవతల చిన్న నానమ్మ ఏం వండుతుందో మాకు వాసనొచ్చేది. అట్లతద్ది నాడు అట్ల వాసన వస్తే తాతయ్య ఏమీ అనేవాడు కాదు. మామూలు మంగళవారం నాడు బూరెలు వేగిన వాసన వస్తే మాత్రం కంచం ముందు చెయ్యి ఆపేసేవాడు. "ఇవాళ ఏం పండగని?" అనేవాడు గోడతో. అరగంటకి ఆ బూరెలే నాలుగు, విస్తరి ముక్కలో చుట్టి, తడిక పక్కనున్న ఖాళీలోంచి మా వైపుకి వచ్చేవి. వాటిని తినేవాడు. తిన్నాక, "ఎందుకు పంపింది?" అనేవాడు.

ఈ అనుమానానికి ఒక మొదలుంది. మా వైపు అన్నదమ్ములు పంచుకునేటప్పుడు పెద్దవాడు భాగాలు వెయ్యాలి, చిన్నవాడు ముందు ఎంచుకోవాలి. భాగాలు వేసేవాడు ఎక్కువ తక్కువలు పెట్టకుండా ఉండటానికి పెట్టిన పద్ధతి అది. తాతయ్య దూలాలు లెక్కపెట్టి, మూడు ఇటు, మూడు అటు అన్నాడు. ఎవరూ తాడు పెట్టలేదు, అంకణం అంటే అంకణమే అనుకున్నారు. చిన్నతాతయ్య వెంటనే ఉత్తరం అన్నాడు. నేను పుట్టకముందు సంగతిది. నాకు ఊహ తెలిసేసరికి ఆ 'వెంటనే' అన్నది మా ఇంట్లో ఒక నేరంగా స్థిరపడిపోయింది.

"ఒక్క గడియ ఆలోచించలా" అనేవాడు తాతయ్య. "మనిషన్నాక ఇటు చూడాలి, అటు చూడాలి, పెళ్ళాన్ని అడగాలి. నోట్లో సిద్ధంగా పెట్టుకుని వచ్చాడు. వాడికేదో తెలుసు."

ఏం తెలుసు అన్నదానికి ఆయన దగ్గర చాలా సమాధానాలుండేవి. చివరికి ఒకటి గట్టిపడింది. ఉత్తరం వైపు అంకణాలు వెడల్పు ఎక్కువ. అలా అనుకున్నాక ఆయనకి ఇంకేమీ కనిపించలేదు. పంచలో నిలబడి స్తంభాల వంక ఒక కన్ను మూసి చూసేవాడు. పంచలో కొలవొచ్చు, కానీ వీధిలో వెళ్ళే ప్రతివాడూ చూస్తాడు. వెనక నుంచి కొలుద్దామంటే గోడకి చావిడి అడ్డం. కొలవాలంటే లోపలే కొలవాలి, అదీ వాళ్ళకి తెలియకుండా.

నేను అయిదో తరగతిలో ఉన్నాను. రెండు వైపులా నాకు అడ్డు లేదు. చిన్నతాతయ్య కూతురు సుశీలత్త నాకు జడ వేసేది, ఇటు కంటే అటే ఎక్కువ తిరిగేదాన్ని. ఒకరోజు బడి నుంచి రాగానే తాతయ్య చావిట్లోకి పిలిచి ఒక తాడు చూపించాడు. మా చేలో పత్తితోనే పేనిన తాడు, చిటికెన వేలంత లావు. తన మోచేతి నుంచి వేలికొస దాకా పెట్టి చూసుకుంటూ, మూరకొక ముడి చొప్పున ఎనిమిది ముడులు వేశాడు. నా వేళ్ళు చిన్నవి కాబట్టి లెక్క తప్పుతుందని, చివరి మూరలో తన వేలు వేలుకీ సిరాతో చుక్క పెట్టాడు. మూరకి రెండు జానలు, జానకి పన్నెండు వేళ్ళు. ఆ జాగ్రత్త చూసి నేను పొంగిపోయాను. మా ఇంట్లో నా లెక్కని ఒకరు నమ్మడం అదే మొదటిసారి.

"ఏమే కుమారీ, బళ్ళో లెక్కలు బాగా చేస్తావంటగా. ఇది చెయ్యి చూద్దాం. నీకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు."

మా మూడు గదులూ మర్నాడు పొద్దున్నే కొలిచాను. స్తంభం నడుమ నుంచి స్తంభం నడుమకి. ఒక్కోటి ఆరు మూరలు, మూడూ కలిపి పద్దెనిమిది. ఒక వేలు అటూ ఇటూ లేదు. తాడు నడుముకి చుట్టుకుని, పైన పరికిణీ బిగించి, అటువైపు వెళ్ళాను. చిన్న నానమ్మ ఇంట్లోనే ఉంది. చాలాసేపు తచ్చాడాను. ఆవిడ నడుం దగ్గర ఏంటే ఆ ఉబ్బు అని అడుగుతుందేమోనని భయమేసి, పెరట్లో నీళ్ళ గాబుకీ గోడకీ మధ్య సందులో తాడు దూర్చేసి వచ్చేశాను. ఆ గాబు మట్టిది, ఒళ్ళంతా చెమర్చి, కింద నేల ఎప్పుడూ పచ్చిగా ఉండేది. అక్కడికి ఎవరి చెయ్యీ పోదు. దాచడానికి అంతకంటే మంచి చోటు నాకు తోచలేదు.

మర్నాడు కాదు, ఆ మర్నాడు. వాళ్ళింట్లో అందరూ మిరపకాయ కోతకి వెళ్ళారు. పెరట్లోకి వెళ్ళి మూడుసార్లు అటూ ఇటూ చూశాను, ఎవరూ లేరు. తాడు తీస్తే చల్లగా, బరువుగా ఉంది. గుప్పిట్లో పెట్టి పిండాను. ఆరు మూరల అయిదు వేళ్ళు, మొదటి గది. ఆరు మూరల అయిదు వేళ్ళు, రెండో గది. ఆరు మూరల ఆరు వేళ్ళు, మూడో గది. మొత్తం పద్దెనిమిది మూరల మీద పదహారు వేళ్ళు. అంటే జానా నాలుగు వేళ్ళు. తాతయ్య అన్నది నిజం!

ఇప్పుడు ఇలాంటి కొలతలు ఎవరైనా తెచ్చి చూపిస్తే చదవగానే పట్టుకుంటాను. కట్టడంలో తేడా ఉంటే ఏదో ఒక గదిలో ఉంటుంది. మూడు గదుల్లోనూ ఒకే తీరుగా ఉందంటే తేడా ఇంట్లో లేదు, కొలిచేదాంట్లో ఉంది. పత్తి తాడు తడిస్తే ముడుచుకుంటుంది. తడిసి పొట్టిదైన తాడుతో కొలిస్తే ప్రతి గదీ పొడుగ్గా కనిపిస్తుంది. పదేళ్ళ వయసులో నాకు ముడులు లెక్కపెట్టడం వచ్చు, ముడుల మధ్య ఏం జరుగుతుందో అనుమానించడం రాదు. అంత అనుమానం నిండిన ఇంట్లో పెరిగి, అనుమానించాల్సిన ఒక్క దాన్నీ వదిలేశాను.

చెప్పగానే తాతయ్య మొహంలో కోపం రాలేదు. ఊరట వచ్చింది. అది నాకు బాగా గుర్తుంది. ఎన్నో ఏళ్ళుగా మోస్తున్నదేదో కింద పెట్టినట్టు ఊపిరి వదిలాడు. మూడోనాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక తడిక పక్కకి లాగేశాడు. అవతల చిన్నతాతయ్య మంచానికి నులక బిగిస్తున్నాడు.

"జానా నాలుగు వేళ్ళురా!" అన్నాడు తాతయ్య. "నీ దాంట్లో ఉన్న ఎక్కువ. అందులో సగం నాది, నీ మంచం కింద ఉంది."

"ఎవరు చెప్పారన్నయ్యా?"

"కొలిపించా."

"ఎవరితో?"

తాతయ్య నా జబ్బ పట్టుకుని ముందుకి లాగాడు. చిన్నతాతయ్య నులక వదిలేసి నా వంక చూశాడు.

"నువ్వు కొలిచావుటే? ఎప్పుడు?"

"మీరంతా కాయ కోతకి పోయినప్పుడు."

ఆయన మళ్ళీ నులక అందుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ చిన్న నానమ్మే అంది: "అడిగితే ఆ తాడు రెండో కొస నేను పట్టుకునేదాన్ని కదే పిల్లా."

ఊళ్ళో పెద్దమనుషులు నలుగురు వచ్చి పంచలో కూర్చున్నారు. టేపు తెప్పించి అందరి ముందూ కొలిస్తే అయిపోతుంది కదా అన్నారు. అయిపోయేది కూడా. ఒక్క టేపు చాలు. కానీ చిన్నతాతయ్య ఒప్పుకోలేదు. "నేనేం దొంగిలించానని నా ఇల్లు కొలుస్తారు? టేపు పెట్టనిచ్చానంటే అనుమానం నిజమేనేమో అని నేనూ ఒప్పుకున్నట్టే" అన్నాడు. "చూశారా, వద్దంటున్నాడు. ఎందుకు వద్దంటాడు?" అన్నాడు తాతయ్య. పెద్దమనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. ఆ మర్నాడు చిన్నతాతయ్య పంచ మెట్టు మీద నిలబడి, వీధంతా వినేట్టు, తన మూడంకణాలూ తను ఊడదీసుకుని పోతాననీ, ఆ తర్వాత అన్నయ్య ఎంత కావాలంటే అంత కొలుచుకోవచ్చనీ చెప్పాడు. పర్చూరు అవతల చిన్న నానమ్మకి పుట్టింటివాళ్ళిచ్చిన పొలం ఉంది.

కర్ర ఇల్లు కాబట్టి అది కుదిరింది. ఇటుక ఇల్లయితే ఎక్కడికి తీసుకుపోతారు? మిరప కోతలు అయిపోయాక, ఎండలు ముదిరిన వైశాఖంలో, వడ్రంగులు ముగ్గురు వచ్చారు. మొదట పెంకులు దిగాయి, గడ్డి మధ్యలో పెట్టి బళ్ళ మీద పేర్చారు. తర్వాత వాసాలు. చూరులో పిచ్చిక గూళ్ళు ఎన్ని రాలాయో, గడ్డీ ఈకలూ పత్తి పింజలూ దొడ్డంతా ఎగిరాయి. గోడలు గునపాలతో తోసేస్తే మెత్తగా, చప్పుడు లేకుండా కూర్చుండిపోయాయి. కొంతసేపు ఉత్తరం వైపు ఇల్లు వట్టి ఎముకల్లా నిలబడింది. గోడలు లేకపోయినా కప్పు కదలదని తాతయ్య చెప్పేది నిజమే. సీలలు ఒక్కొక్కటీ సుత్తితో కొట్టి తీస్తుంటే లోపల్నుంచి ముత్తాత నాటి కర్ర వాసన, నిన్న చెక్కినట్టు, గుప్పున వచ్చేది. అయిదు గీతల దూలం, ఆరు గీతల దూలం, ఏడు గీతల దూలం, వాటి స్తంభాలు, ఒకదాని తర్వాత ఒకటి బళ్ళెక్కాయి. నాలుగో దూలం రెండు వాటాల మధ్యది కాబట్టి మాకు వదిలేశారు. సుశీలత్త ఆ నాలుగు రోజులూ నాతో మాట్లాడలేదు. నాకు జడ వేసే దువ్వెన మాత్రం మా పంచలో పెట్టి వెళ్ళింది.

తాతయ్యకి ఆ ఖాళీ జాగా చూస్తూ కూర్చోవడం తప్ప పని లేకుండా పోయింది. కొన్నాళ్ళకి గునపం పట్టుకున్నాడు. "ఇంత తేలిగ్గా ఎందుకు పోయాడు? ఏదో దొరికే ఉంటుంది" అని వాళ్ళ పొయ్యి ఉన్నచోట, తిరగలి ఉన్నచోట తవ్వి చూశాడు. ఒక మూకుడు పెంకు దొరికింది. దాన్ని కడిగి, తుడిచి, వారం రోజులు అటక కింద గూట్లో పెట్టుకున్నాడు.

స్తంభాలు పోయినా వాటి కింద రాతి దిమ్మెలు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక్కో దాని మీద స్తంభం అడుగు గుండ్రంగా అచ్చుపడి. ఆ సెలవుల్లో నేను చర్చి పక్కనుండే టీచరమ్మ దగ్గర కుట్టుపని నేర్చుకునేదాన్ని. ఆవిడ టేపు అడిగి తెచ్చాను. ఎందుకు తెచ్చానో అప్పటికి నాకూ సరిగ్గా తెలియదు. ఆ దిమ్మెలు రోజూ కనిపిస్తుంటే కొలవకుండా ఉండలేకపోయాను. దిమ్మె నుంచి దిమ్మెకి, అచ్చు నడుమ నుంచి నడుమకి. తొమ్మిది అడుగులు, తొమ్మిది అడుగులు, తొమ్మిది అడుగులు. ఇంట్లోకి వచ్చి మా గదులు కొలిచాను. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. అరంగుళం తేడా లేదు. చావిట్లో కొక్కేనికి వేలాడుతున్న తాడు తీసి కొలిచాను, ఎనిమిది మూరలకి సరిగ్గా పన్నెండు అడుగులు. కుడితి తొట్టి పక్కన కూర్చుని ఎంతసేపు ఆలోచించానో గుర్తులేదు. లేచి, తాడుని నీళ్ళ బకెట్లో ముంచి, కాసేపాగి, పిండి, మళ్ళీ కొలిచాను. అయిదంగుళాల పైచిలుకు తగ్గింది.

అప్పుడే పరుగెత్తి తాతయ్యకి చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. తాడు తడిసిందని, తప్పు నాదని, రెండు వైపులా సమానమేనని, కావాలంటే తను కూడా వచ్చి కొలవొచ్చని. ఆయన నన్ను తేరిపార చూసి, నా చేతిలోంచి టేపు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఈ టేపు ఎవరిచ్చారే నీకు?"

"టీచరమ్మ."

"ఆవిడకి వాడి కూతురు స్నేహితురాలుగా" అన్నాడు. టేపు నాకిచ్చేశాడు.

ఆ రోజు నుంచి నాతో ఏ లెక్కా చెయ్యించలేదు. నేను కొట్టులోకి వస్తే మాట ఆపేసేవాడు. గుమ్మం ముందు బూడిదలో నా అడుగులు కూడా వెతికేవాడు. తడిక అవతల మనుషులెవరూ మిగలలేదు కదా, ఆ ఖాళీలో నన్ను నిలబెట్టాడు. మూడేళ్ళ తర్వాత ఆయన పోయినప్పుడు చిన్నతాతయ్య వచ్చాడు. శవం దగ్గరికి వచ్చి దండం పెట్టి, తర్వాత చాలాసేపు బయట ఆ దిమ్మెల మధ్య నిలబడి, బస్సెక్కాడు. సగం తెగిన మా ఇల్లు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. ఉత్తరం వైపు కొసకి గోడ పెట్టించినా, జల్లు కొట్టి, చెద పట్టి, నాలుగో దూలం కుంగింది. నాన్న కర్ర అమ్మేసి రెండు గదుల స్లాబు ఇల్లు వేశాడు.

ఈ వేసవిలో సుశీలత్త ఫోను చేసింది. చిన్నతాతయ్యకి ఆవిడ ఒక్కతే కూతురు కావడంతో ఇల్లరికం తెచ్చుకున్నారు. ఇప్పటికీ పర్చూరు అవతల ఆ ఇంట్లోనే ఉంటుంది. కొడుకు పాతది పడగొట్టి డాబా కడతానంటున్నాడు, వచ్చి లెక్క వేసి పెట్టు అంది. ఇన్నేళ్ళలో పెళ్ళిళ్ళలో, చావుల్లో కనిపించడమే తప్ప ఆ గుమ్మం నేనెప్పుడూ తొక్కలేదు. వెళ్ళాను. మూడంకణాలూ అచ్చం అలాగే ఉన్నాయి, మాకు వదిలేసిన నాలుగో దూలం బదులు మాత్రం కొత్తదొకటి వేసుకున్నారు. రంగు వేసిన దూలాల మీద వేలు పెట్టి తడిమితే, పెయింటు కింద అయిదు గీతలు, ఆరు గీతలు, ఏడు గీతలు తగిలాయి.

"వదినా, ఆ అంకణాలవీ నాకు అర్థం కావు, స్క్వేర్ ఫీట్లలో చెప్పు" అన్నాడు వాళ్ళబ్బాయి. సరేనన్నాను. అతను మేస్త్రీతో మాట్లాడటానికి బయటికి వెళ్ళాక, అత్త కాఫీ తెచ్చి కూర్చుంటే, గ్లాసు చేతిలో పట్టుకుని మొత్తం చెప్పేశాను. గాబు సందు, తడిసిన తాడు, టేపు, అన్నీ. ఈ మాట చెప్పడానికి నలభై ఏళ్ళు పట్టింది.

అత్త ఆశ్చర్యపోలేదు.

"మాకు ఆ గొడవైన సాయంత్రమే తెలుసే కుమారీ. నువ్వు తాడు పిండుతుంటే మరియమ్మ చూసిందిగా."

మరియమ్మ అంటే వాళ్ళ పొలంలో పని చేస్తూ, పెరట్లో గిన్నెలు తోమి వెళ్ళే మనిషి. "గొడవ రోజున వచ్చి అమ్మకి చెప్పింది, అమ్మ నాన్నకి చెప్పింది" అంది అత్త.

"మరి ఎందుకు చెప్పలేదు? తాతయ్యతో ఒక్క మాట అంటే అయిపోయేది కదత్తా!"

"అమ్మ అంటానే అంది. నాన్న వద్దన్నాడు. పిల్లది తడి తాడుతో కొలిచిందంటే మీ తాత నమ్ముతాడా? మేమే నీ చేత తప్పు కొలిపించామంటాడు, నీ వీపు విమానం మోత మోగిస్తాడు. పైగా, కొలత తప్పయితే ఏంది, ఒప్పయితే ఏంది, కొలిపించాడు కదా అన్నాడు. ఆయన మనసు విరిగింది జానెడు జాగాకి కాదు."

"ఉత్తరం ఎందుకు ఎంచుకున్నాడు?"

అత్త పకపకా నవ్వింది. "అది కూడానా? అప్పటికే మంచం ఆ వైపు ఉందే. మోసుకోవడం బద్ధకం."

కాఫీ చల్లారిపోయింది. నేను ఆ రోజు పెరడంతా మళ్ళీ కళ్ళ ముందు పెట్టుకుని చూశాను. గాబు, తులసికోట, కట్టెల మోపు, పాల కుండలు బోర్లించిన రాయి. మూడుసార్లు చూశాను. అక్కడ ఎవరూ లేరు. లేరనే నాకు గుర్తు. మరి అత్త ఈ మాట నిజంగా చెబుతోందా, నలభై ఏళ్ళు మోసుకొచ్చిన దాన్ని చూసి జాలిపడి ఇప్పటికిప్పుడు అల్లిందా? నోరు ఊరుకోలేదు.

"అత్తా, మరియమ్మ నిజంగా చూసిందా? నా కోసం అంటున్నావా?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. 

"నువ్వు అచ్చం మీ తాతవే" అంది. కోపంగా అనలేదు. లేచి ఫోను తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక నంబరు వెతికి, నా చేత రాయించింది. "సింగరాయకొండలో కూతురి దగ్గర ఉంటోంది మరియమ్మ. చెవులు బాగానే పనిచేస్తాయి. కావాలంటే అడుగు."

ఆ ఇల్లు పడగొట్టి నెల దాటింది. దూలాలు ఎవరు కొన్నారో, ఏ ఊళ్ళో ఏ తలుపులవుతాయో అత్తకి కూడా తెలియదు. మా దొడ్లో బ్యారను ఎప్పుడో కూలింది, మిరప కొట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్ టవరు ఉంది, కాయంతా కళ్ళం నుంచి నేరుగా కోల్డు స్టోరేజీకి పోతోంది. ఆరు అంకణాల్లో ఒక్కటి కూడా ఇక నేల మీద లేదు. ఇల్లు కట్టుకుంటామని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఆ మాట తెలిసినవాళ్ళూ లేరు. నేను తాడు పిండిన ఆ వేళ గురించి చెప్పగల మనిషి నేను కాక మరియమ్మ ఒక్కతే ఉంది, ఆమెకి ఎనభై దాటి ఉంటాయి. ఒక్క ఫోను చేస్తే తెలిసిపోతుంది, ఆ రోజు పెరట్లో ఆమె ఉందో లేదో. రెండుసార్లు నంబరు తీశాను. నొక్కలేదు. ఎవరు చెప్పిన కొలతనైనా నేను మళ్ళీ కొలిచి చూసుకోనిదే కాగితం మీద పెట్టను. ఇదొక్కటి మాత్రం అత్త చెప్పిందే తీసుకున్నాను.